ఐఆర్ రిమోట్‌కి నేర్పించిన పరికరాలు ఏఐ అసిస్టెంట్‌కి కనిపించడం లేదు. ఎలా చూపించాలి?

హాలు_వైరింగ్ (ప్రశ్న)

ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్ రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తోంది. హాల్లో వేరే రిమోట్ల ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) కోడ్‌లు నేర్చుకుని పంపే బ్రాడ్‌లింక్ ఆర్‌ఎం4 మినీ ఉంది. దానికి ఏసీ, టీవీ, ఫ్యాన్ రిమోట్ల బటన్లన్నీ నేర్పించాను, డ్యాష్‌బోర్డు నుంచి బాగానే పనిచేస్తున్నాయి. హోమ్ అసిస్టెంట్‌ని ఏఐకి అందించే ఎంసీపీ సర్వర్ ఇంటిగ్రేషన్ పెట్టి ఏఐ అసిస్టెంట్‌ని కలిపాక, "రిమోట్‌లో ఏమేం ఉన్నాయి?" అంటే "హాల్ రిమోట్ ఆన్‌లో ఉంది" అని ఊరుకుంటోంది. "ఏసీ ఆపు" అంటే ఆపేశానంటోంది కానీ ఏసీ నడుస్తూనే ఉంది. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు బటన్లు కూడా పనిచేయడం మానేశాయి. తప్పు ఎక్కడుందండీ?

ఎర్రకిరణం

ముందు బటన్ల సంగతి. మీరు రిమోట్ ఎంటిటీనే (హోమ్ అసిస్టెంట్‌లో ఆ పరికరానికి ఉన్న రూపం) ఎక్స్‌పోజ్ చేశారు, అంటే అసిస్టెంట్‌కి కనిపించేలా పెట్టారు. "ఆపు" అనగానే అసిస్టెంట్ తనకు కనిపిస్తున్న ఆ ఒక్కదాన్నే ఆఫ్ చేసింది. బ్రాడ్‌లింక్ రిమోట్ ఎంటిటీ ఆఫ్‌లో ఉంటే ఏ కోడూ బయటికి పోదు. లాగ్‌లో ఒక హెచ్చరిక తప్ప తెరమీద ఏమీ కనపడదు, అందుకే చాలామంది వైఫై మీద అనుమానపడతారు. ఎంటిటీని మళ్ళీ ఆన్ చేయండి. తర్వాత సెట్టింగ్స్, వాయిస్ అసిస్టెంట్స్, ఎక్స్‌పోజ్ పేజీలోకి వెళ్ళి దాన్ని తీసేయండి.

ఇక పరికరాలు కనపడకపోవడం. నేర్పించిన కోడ్‌లు ఎంటిటీలు కావు. అవి స్టోరేజ్ ఫోల్డర్‌లో ఒక జేసన్ ఫైల్లో పరికరం పేరు, దాని కింద కమాండ్ పేరు, కోడ్ అన్న వరుసలో ఉంటాయి. ఎంసీపీ సర్వర్ చూపించేది ఎక్స్‌పోజ్ చేసిన ఎంటిటీలను మాత్రమే, ఆ ఫైల్ దాని కంటపడదు. కాబట్టి మధ్యలో స్క్రిప్ట్‌లు (వరుసగా చేయాల్సిన పనుల చిట్టాలు) పెట్టాలి. ఎక్స్‌పోజ్ చేసిన స్క్రిప్ట్ అసిస్టెంట్‌కి ఒక పనిముట్టులా అందుతుంది.

రెండు చాలు. మొదటిది "హాల్ రిమోట్ పరికరాల జాబితా": వేరియబుల్‌లో పరికరాలూ కమాండ్లూ రాసి, చివర స్టాప్ యాక్షన్‌తో ఆ వేరియబుల్‌ని రెస్పాన్స్‌గా తిప్పి పంపాలి. రెస్పాన్స్ డిక్షనరీ రూపంలోనే (పేరు, విలువ జతలుగా) ఉండాలి, ఉత్త లిస్ట్ పెడితే ఎర్రర్ వస్తుంది. రెండోది "హాల్ రిమోట్ బటన్ నొక్కు": పరికరం, కమాండ్ అని రెండు ఫీల్డ్‌లు, లోపల సెండ్ కమాండ్ యాక్షన్. రెండూ రిక్వయిర్డ్ అని టిక్ పెట్టండి.

డిస్క్రిప్షన్ పెట్టెను ఖాళీగా వదలొద్దు. అసిస్టెంట్ చదివేది అదే. "బటన్ నొక్కే ముందు జాబితా స్క్రిప్ట్ నడిపి, అందులో ఉన్న పేరునే అక్షరం మారకుండా వాడాలి" అని స్పష్టంగా రాయండి. ఫైల్లో ఉన్న పేరుకీ పంపిన పేరుకీ ఒక్క స్పేస్ తేడా ఉన్నా కోడ్ దొరకదు.

కొలతబద్ద

నాలుగు పరికరాలలోపు ఉంటే జాబితా స్క్రిప్ట్ కూడా అక్కర్లేదని నా అభిప్రాయం. ఫీల్డ్‌కి సెలెక్ట్ సెలెక్టర్ (జాబితాలోంచి ఎంచుకునే పెట్టె) పెట్టి ఆప్షన్లు రాసేస్తే అవి అసిస్టెంట్‌కి నేరుగా చేరతాయి, లేని పేరు కల్పించే అవకాశం తగ్గుతుంది.

ఏసీ దగ్గర మాత్రం జాగ్రత్త. టీవీ రిమోట్ ఒక్కో బటన్‌కి ఒక్కో కోడ్ పంపుతుంది. ఏసీ రిమోట్ అలా కాదు, ఏ బటన్ నొక్కినా మోడ్, ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం అన్నీ కలిపి పంపుతుంది. అంటే "టెంపరేచర్ పెంచు" అని నేర్పిన కోడ్ ఎప్పుడూ మీరు నేర్పిన రోజున్న డిగ్రీలకే తీసుకెళ్తుంది. 16 నుంచి 30 దాకా నేర్పితే ఒక్క ఫ్యాన్ వేగానికే 15 కోడ్‌లు. 24, 26, 28, ఆఫ్ నేర్పితే ఇంటికి సరిపోతుంది. కమాండ్ పేర్లు "కూల్ 24" అన్నట్టు పెట్టండి.

హాలు_వైరింగ్

రిమోట్ ఎంటిటీని ఆన్ చేసి ఎక్స్‌పోజ్ పేజీలోంచి తీసేశాక బటన్లు పనిచేస్తున్నాయి, ధన్యవాదాలండీ. జాబితాలో ఏసీ ఆన్‌లో ఉందో లేదో కూడా చెప్పించవచ్చా?

ఎర్రకిరణం

ఐఆర్ ఒకవైపు దారి, తిరుగు సమాచారం రాదు. ఏసీకి కరెంటు కొలిచే 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ పెడితే తెలుస్తుంది. ఆపినప్పుడు ఎన్ని వాట్లు చూపిస్తుందో, ఫ్యాన్ మాత్రమే తిరిగేటప్పుడు ఎన్నో రెండూ రాసుకుని, మధ్యలో హద్దు పెట్టి టెంప్లేట్ బైనరీ సెన్సర్ (ఆ హద్దును బట్టి ఆన్ లేదా ఆఫ్ అని చెప్పేది) చేయండి. కంప్రెసర్ వాట్లను హద్దుగా పెడితే, గది చల్లబడి కంప్రెసర్ ఆగినప్పుడల్లా ఏసీ ఆఫ్ అని తప్పు చెబుతుంది. ఆ సెన్సర్ విలువను జాబితా రెస్పాన్స్‌లో చేర్చండి.

ప్లగ్ లేని ఫ్యాన్‌కి "స్థితి తెలియదు" అని రాయండి, ఖాళీగా వదిలితే అసిస్టెంట్ ఊహించి చెబుతుంది. టీవీ పవర్ బటన్‌కి మరీ ముఖ్యం. ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకే కోడ్ కదా, అప్పటికే ఆగి ఉన్న టీవీని ఆపమంటే వెలిగించేస్తుంది.

కొలతబద్ద

ఇంకొక్కటి. అసిస్టెంట్‌కి ఇచ్చే లాంగ్ లివ్డ్ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి లాంటిది) 10 ఏళ్ళు చెల్లుతుంది. మీ అడ్మిన్ ఖాతాతో తీయకండి. అడ్మిన్ హక్కులు లేని వేరే యూజర్‌ని సృష్టించి, అందులోంచి తీయండి. తలుపు తాళం, గీజర్ ఎక్స్‌పోజ్ పేజీలో లేవని ఒకసారి చూసుకోండి.