అప్‌డేట్: క్రెడిట్ కార్డు బాకీ తీరింది

ఆరు నెలల క్రితం ఒక ప్రశ్న అడిగాను. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను, జీతం 52,000, ప్రతి నెలా కనీస మొత్తం కడుతున్నా 84,000 కార్డు బాకీ ఎందుకు తగ్గడం లేదని. నిన్న చివరి రూపాయి కట్టేశాను.

మీరు చెప్పినట్టు స్టేట్‌మెంట్లన్నీ వరుసగా చదివాను. నెలకు 3.5 శాతం వడ్డీ చిన్నదిగానే కనిపించింది. ఏడాదికి అది 42 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ! పైగా పాత బాకీ మిగిలి ఉంటే కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే లెక్క మొదలవుతుంది. అంటే ఇన్నాళ్లూ కూరగాయలకు కూడా వడ్డీ కట్టాను. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది.

కార్డు బీరువాలో పెట్టేశాను. ఒంటరిగా ఉన్న ఇల్లు ఖాళీ చేసి నెల్లూరు స్నేహితులతో కలిసి ఉంటున్నాను. అద్దె 17,000 నుంచి 7,500కు దిగింది. క్యాబ్ మానేసి బస్సు పాసు తీసుకున్నాను. అలా నెలకు సుమారు 16,000 చొప్పున కట్టాను. అమ్మకు పంపే డబ్బు కూడా తగ్గించమని ఒకరు అన్నారు. దానికి మాత్రం మనసొప్పలేదు.

చెల్లి కొత్త ఫోను అడిగింది. డబ్బు దాచి సంక్రాంతికి కొంటానన్నాను, సరేనంది.