అప్‌డేట్: నాన్నగారు ఒత్తులు వదిలేస్తున్న విషయం
30 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన నాన్నగారు పాలపద్దులో ఒత్తులు, సున్నాలు వదిలేస్తున్నారని, అది వయసు వల్లనేనా అని రెండు నెలల క్రితం అడిగాను. చాలామంది కళ్లద్దాలు మార్చమన్నారు. మార్చాం, ఫలితం లేదు.

న్యూరాలజిస్టు గడియారం బొమ్మ గీయించి, ఏదైనా ఒక వాక్యం రాయమన్నారు. ‘అమ్మ వచ్చింది’ అని రాయబోయి ‘అమ వచిది’ అని రాశారు. కాసేపు దాన్నే చూసి, “ఏదో తక్కువైంది” అన్నారు. ఏది తక్కువైందో మాత్రం చెప్పలేకపోయారు.

బి12, థైరాయిడ్ పరీక్షలు, ఎంఆర్‌ఐ అయ్యాక అల్జీమర్స్ తొలిదశ అని తేలింది. మాట బాగానే ఉన్నా రాత తడబడవచ్చట. శబ్దాన్ని విడగొట్టాలి, అక్షరం గుర్తుకు రావాలి, చెయ్యి కదలాలి. అన్నీ ఒకేసారి జరగాలి కదా.

సంతకం మాత్రం చెక్కుచెదరలేదు. అది చేతికి పట్టిన అలవాటు, త్వరగా పోదట. అలాగని కాగితాలు ముందు పెట్టి సంతకాలు చేయించవద్దని డాక్టరు గట్టిగానే చెప్పారు. సంతకం చేయగలగడం వేరు, చదివింది అర్థం కావడం వేరు.

తప్పులు దిద్దడం మానేశాను. ఎర్ర సిరాతో బతికిన మనిషి, నేను దిద్దినప్పుడల్లా చిన్నబోయేవారు. పాలపద్దు ఇప్పటికీ ఆయనదే. లెక్క మాత్రం పాలబ్బాయితో నేను విడిగా చూసుకుంటున్నాను.