నైట్ షిఫ్ట్ వాళ్ళు రాత్రి జెల్ ఎప్పుడు రాసుకోవాలి?

నాది కృష్ణపట్నం పోర్టు దగ్గర షిఫ్ట్ డ్యూటీ, నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా బైక్ మీద పోయి వస్తుంటా. మొటిమలకి స్కిన్ డాక్టర్ రాత్రిపూట అడాపలీన్ జెల్, పొద్దున సన్‌స్క్రీన్ అని చీటీ రాసిచ్చారు. ఒక వారం జనరల్ షిఫ్ట్, ఒక వారం నైట్. నైట్ వారంలో తొమ్మిదింటికి స్నానం చేసి, ఆ తడి మొహానికే జెల్ రాసేసి హెల్మెట్ పెట్టుకుని బయల్దేరుతున్నా. లోపలంతా చెమట, తెల్లారి తిరిగొచ్చేటప్పుడు ఎండ. నాలుగు రోజులకే ముక్కు పక్కన, నోటి మూలల్లో పొట్టు లేస్తోంది, నీళ్ళు తగిలినా మంట. వచ్చే నెల చెల్లి పెళ్ళి, చాలా టెన్షన్‌గా ఉంది. ఆపేయాలా, టైము మార్చాలా?

ఒంగోలు నుంచి:
తమ్ముడూ, నేను స్టాఫ్ నర్సుని, నెలలో సగం రోజులు నైట్ డ్యూటీనే, నాకూ ఇదే జెల్. చీటీలో రాత్రి అని ఉన్నదాన్ని పడుకునే ముందు అని చదువుకో. ఇంటికొచ్చి మొహం కడుక్కో, టిఫిన్ తిను, ఇరవై నిమిషాల్లో మొహం బాగా ఆరిపోతుంది, అప్పుడు మొహమంతటికీ కలిపి బఠాణీ గింజంత జెల్ చాలు. కళ్ళ దగ్గర, ముక్కు పక్క మడతల్లో, నోటి మూలల్లో వద్దు. పైన మాయిశ్చరైజర్ రాసి కర్టెన్లు వేసుకుని పడుకో. డ్యూటీకి పోయేటప్పుడు మాయిశ్చరైజర్ ఒక్కటే. ఇప్పుడు మంట ఉంది కాబట్టి తగ్గేదాకా జెల్ ఆపి, తర్వాత రోజు విడిచి రోజు మొదలుపెట్టు. మొహం వాచినా, మంట తగ్గకపోయినా డాక్టర్‌కి ఫోన్ చెయ్యి. పెళ్ళి దగ్గరకొస్తోందని ఎక్కువ మాత్రం పూయొద్దు, ఇది పనిచెయ్యడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, మొదట్లో మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా ఉంటాయి.

కావలి నుంచి:
అక్క చెప్పింది కరెక్ట్. షిఫ్ట్ మారే రోజు జాగ్రత్త అన్నా. పొద్దున ఎనిమిదికి రాసుకుని, ఆ రోజు ఆఫ్ అని రాత్రి పదికి మళ్ళీ రాస్తే పద్నాలుగు గంటల్లో రెండుసార్లు అవుతుంది, నాకు ఒకసారి అలాగే మొహం మండిపోయింది. ఆ రాత్రి వదిలెయ్. ఇంకోటి, జనరల్ షిఫ్ట్ వారంలోనే నీకు ఎండ ఎక్కువ: పొద్దున తూర్పుకి పోతావు, సాయంత్రం పడమరకి వస్తావు, రెండుసార్లూ సూర్యుడు ఎదురుగానే. సన్‌స్క్రీన్ 30 ఎస్‌పీఎఫ్ లేదా పైది, రెండు వేళ్ళ పొడుగునా తీసుకుని మొహానికీ మెడకీ, బయల్దేరే పావుగంట ముందు. సాయంత్రం బైక్ తీసే ముందు మొహం కడిగి మళ్ళీ రాసుకో, పొద్దున రాసింది అప్పటికి ఉండదు.

కందుకూరు నుంచి:
మా అమ్మ శనగపిండిలో నిమ్మరసం కలిపి పెట్టేది, మచ్చలు పోతాయని. దీంతోపాటు అది పెట్టొచ్చా?

ఒంగోలు నుంచి:
వద్దమ్మా. నిమ్మరసం ఉన్న మొహంతో ఎండలోకి పోతే బొబ్బలు లేస్తాయి, ఈ జెల్ వాడేవాళ్ళకి ఇంకా కష్టం. మెడికల్ షాపులో తెల్లబడటానికని ఇచ్చే స్టిరాయిడ్ కలిపిన క్రీముల జోలికి అసలు పోవద్దు. కడుపుతో ఉన్నవాళ్ళు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్ళు అడాపలీన్ వాడొద్దు, ముందే డాక్టర్‌కి చెప్పండి.

అడిగినతను:
థ్యాంక్స్ అక్కా, అన్నా. ఈరోజు నుంచే జెల్ ఆపాను. నైట్ వారంలో ఏడింటికి తిరిగొచ్చేటప్పుడు ఎండ వీపు మీదే ఉంటుంది కదా, అప్పుడు కూడా సన్‌స్క్రీన్ కావాలా?

కావలి నుంచి:
కావాలన్నా. మెడ వెనక, చెవులకి కూడా రాయి.