మెట్‌ఫార్మిన్ వాడే అమ్మకు అరికాళ్లలో తిమ్మిర్లు, షుగర్ వల్లేనా?

గుంటూరు అమ్మాయి:
అమ్మకు 63 ఏళ్లు. షుగర్ వచ్చి 11 ఏళ్లు. మెట్‌ఫార్మిన్ రోజుకు 2 గ్రాములు, గ్యాస్‌కని నాలుగేళ్లుగా పాంటాప్రజోల్. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు. ఆర్నెల్లుగా తిమ్మిర్లు. మొన్న కాలి నుంచి చెప్పు జారిపోతే గుమ్మం దాటాక గానీ తెలియలేదు! షుగర్ మూడు నెలల సగటు (HbA1c) 7.1. "షుగర్ నరాలు, అంతే" అన్నారు డాక్టరు. నాకు టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్:
విటమిన్ బి12 పరీక్ష చేయించారా అమ్మా? మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లో బి12 ఒంటబట్టడం తగ్గుతుంది. తిండిలోని బి12 విడివడటానికి కడుపులో ఆమ్లం కావాలి, దాన్ని పాంటాప్రజోల్ తగ్గిస్తుంది. పైగా శాకాహారం. మూడూ ఒకచోటే కలిశాయి. పరీక్షకు ముందు బి12 మాత్రలు మొదలుపెట్టొద్దు, లెక్క తప్పుతుంది. మెట్‌ఫార్మిన్ మాత్రం సొంతంగా ఆపకండి.

కాకినాడ బాబాయ్:
మాకూ ఇదే కథ. నీరసమని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగాను. రక్తం మెరుగైంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉన్నాయి. బి12 ఇంజెక్షన్లు మొదలెట్టాక నాలుగు నెలలకు తేలిక. కుడి బొటనవేలు ఇప్పటికీ మొద్దే.

గుంటూరు అమ్మాయి:
బి12 131 వచ్చింది, బాగా తక్కువట. ఇంజెక్షన్లు మొదలయ్యాయి. పాంటాప్రజోల్ అవసరమా కాదా అని డాక్టరే మళ్లీ చూస్తానన్నారు. అమ్మేమో "రెండు పూటలా పెరుగు తింటూనే ఉన్నానుగా, ఇంకెక్కడి లోపం?" అని నామీదే విసుక్కుంటోంది.