ప్రోకోర్‌లో తొలగించిన గాయాల రికార్డులు తిరిగి తెచ్చుకోవడం ఎలా?

కడపలో మా భవన నిర్మాణం దగ్గర పరంజా కుంగి ఇద్దరు కూలీలు పడ్డారు. ఒకరికి కుడి మణికట్టు విరిగింది, మరొకరికి మోకాలు చీరుకుపోయింది. రెండు గాయాలనూ ప్రోకోర్‌లో (నిర్మాణ పనుల నిర్వహణకు వాడే సాఫ్ట్‌వేర్) ఒకే సంఘటన కింద నమోదు చేశాం. ఒకే వివరం రెండుసార్లు ఎక్కిందనుకుని మా ఆఫీసులో ఒకరు సోమవారం సాయంత్రం 5:40కి రెండింటినీ తొలగించారు. (అలా అనుకుంటే ఒకటి తీసేయాలి కదా, రెండూ ఎందుకో!) సంఘటన మాత్రం అలాగే ఉంది.

సంఘటనల రీసైకిల్ బిన్ తెరిచి చూశాను, నాకు ఏమీ కనిపించలేదు. తరువాత ఏపీఐ (ప్రోగ్రామ్ నుంచి నేరుగా ప్రోకోర్ డేటా అడిగే మార్గం) ద్వారా రీసైకిల్ బిన్‌లోని గాయాల జాబితా అడిగాను. ప్రతిసారీ 403 (అనుమతి లేదనే ఎర్రర్) వస్తోంది. టోకెన్ (లాగిన్‌కు బదులు పంపే గుర్తింపు కోడ్) అప్పుడే తీసుకున్నది, కంపెనీ ఐడీ హెడర్ పెట్టాను, ప్రాజెక్టు ఐడీ రెండుసార్లు సరిచూశాను. సంఘటనల టూల్‌లో నాకున్నది స్టాండర్డ్ అనుమతి మాత్రమే. అడ్మిన్ అనుమతి ఉన్న ఇంజినీరు వారం రోజులు సెలవులో ఉన్నారు.

పరిహారం కోసం మణికట్టు విరిగిన మనిషి కాగితాలు సిద్ధం చేయాలి. ఫోటోలు నా ఫోనులో ఉన్నాయి కానీ పడిన సమయం, సాక్షుల మాటలు ఆ రికార్డులోనే ఉండిపోయాయి.

సంఘటన ఉండగా గాయం రికార్డు మాత్రమే తొలగిస్తే, అడ్మిన్ అనుమతి ఉన్నవారి టోకెన్‌తో దాన్ని పునరుద్ధరించవచ్చా?