ఇనుముకి అలసటా? రాటుదేలడమా?

మొన్న ఇక్కడ ఎవరో ‘ఫెటీగ్’కి (బరువు పదే పదే పడి లేస్తుంటే లోహంలో నెర్ర పుట్టి, పాకి, చివరికి తెగిపోవడం) ‘లోహపు అలసట’ అని రాస్తే పది మంది బాగుందన్నారు. నాకు మాత్రం పంటి కింద రాయిలా తగిలింది. అలసట అంటే తీరేది కదండీ. పొద్దుటి నుంచి ఊడ్పులు ఊడ్చినవాళ్లు గట్టెక్కి ఇంత మజ్జిగ తాగి కాసేపు నడుం వాలిస్తే తీరుతుంది. లారీని వారం రోజులు చెట్టు కింద పెట్టినా కమాన్ పట్టీలో (బండి బరువు మోసే వంపు స్ప్రింగు పట్టీలో) పుట్టిన నెర్ర పూడదు.

మాది కొబ్బరి వ్యాపారం. పోయినేడు అంబాజీపేటలో కాయ ఎత్తుకుని వస్తుంటే రావులపాలెం చేరకముందే వ్యాను ఒక పక్కకి ఒరిగింది. మెయిన్ పట్టీ రెండు ముక్కలు. లోడు ఎప్పుడూ వేసేదే, గొయ్యి కూడా లేదు. విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని చూస్తే ఒక వార నల్లగా, నున్నగా, ఆల్చిప్ప వీపు మీద గీతల్లా ఒకదాని వెనక ఒకటి చారలు. మిగతాదంతా పంచదార పలుకుల్లా మెరుస్తోంది. ఆ నల్లటిది నెలల తరబడి రోజుకింత పాకిన నెర్ర, మెరిసేది ఆ పూట ఒక్కసారిగా తెగిన చోటు. అంతకుముందు పట్టీ కూర్చుండిపోయిందని ఒక షెడ్డులో గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి మళ్లీ వంచారు, అసలు తప్పు అక్కడ జరిగింది (ఎనిమిది వందలు మిగిలాయని ఆ రోజు సంబరపడ్డది నేనే).

కొత్త పట్టీకి ఫ్యాక్టరీలో షాట్ పీనింగ్ చేస్తారు. ఆవగింజ కంటే చిన్న ఉక్కు గుళ్లని విసురుగా పట్టీ పైముఖం మీద కొడతారు, బరువు పడ్డప్పుడు సాగేది ఆ ముఖమే, నెర్ర పుట్టేదీ అక్కడే. ప్రతి గుండూ ఒక చిన్న సొట్ట. సొట్టపడ్డ పైపొర పక్కలకి పరుచుకుందామని చూస్తుంది, కింది ఇనుము కదలనివ్వదు, ఇక అది కార్తీక మాసంలో అన్నవరం క్యూలో ఇరుక్కున్నవాడిలా నొక్కుకుని ఉండిపోతుంది. నెర్ర నోరు తెరవాలంటే లాగాలి, నొక్కి ఉంచిన చోట నోరు పెగలదు. ఆ పొర మందం మిల్లీమీటరు కూడా ఉండదు, కాలిస్తే ఆ నొక్కుడు పోతుంది.

దీన్ని కొలవడానికి 1940లలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ ఆల్మెన్ ఉపాయం భలే ఉంటుంది. సన్నటి ఉక్కు రేకుని బిగించి ఒకవైపే గుళ్లతో కొట్టి, బిగింపు వదిలితే దెబ్బలు తిన్న వైపు ఉబ్బి విల్లులా వంగుతుంది. ఎంత వంపు తిరిగిందో చూసి దెబ్బ ఎంత పడిందో చెప్తారు. కమాన్ అన్నా విల్లే కదా, పారసీ నుంచి మన లారీ షెడ్ల దాకా వచ్చిన మాట.

ఇప్పుడు అసలు సంగతి. మనకి ‘దెబ్బతింది’ అంటే పాడైందనే. ఇక్కడ దెబ్బలు తిన్నదే నిలబడుతోంది. అందుకే ఈ షాట్ పీనింగ్‌కి తెలుగు మాటగా నా ఓటు ‘రాటుదేల్చడం’. కొబ్బరికాయ ఒలిచేవాళ్ల అరచేతులు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మండపేట నుంచి ఒక కామెంట్: ‘పదును పెట్టడం’ సరిపోదా అండీ?

నేను: కమ్మరి కొడవలికి పదును పెట్టేది కొలిమిలో కాల్చి నీళ్లలో ముంచి. అది నిప్పుతో పని. ఇది ఇనుము చల్లగా ఉండగానే చేస్తారు. పైగా మన చేలల్లో పదునంటే తడి.

భీమవరం నుంచి: ఇసుకతో కొట్టి తుప్పు వదిలిస్తారు, అదేగా? మా చేపల లారీ ఛాసిస్‌కి చేయించాం.

నేను: అది తోమడం బాబాయ్, ఇది మొత్తడం.

అజ్జరం నుంచి: ఆయ్, మీరే అనేశారు కదండీ మాట! మావైపు ఇత్తడి బిందె మీద సుత్తితో వరసగా సొట్టలేస్తారు. అందం కోసమనుకుంటారు గానీ దెబ్బ పడ్డ ఇత్తడి గట్టిపడుద్దండి. ఐటీఐ కుర్రాళ్ల బాల్ పీన్ సుత్తిలో ఉన్న పీనూ ఇదే. ‘గుళ్ల మొత్తుడు’ అనండి చాలు.

నేను: ఒప్పేసుకున్నా. చేసే పని గుళ్ల మొత్తుడు, దాంతో పట్టీ రాటుదేలుతుంది. ‘ఫెటీగ్’కే మాట ఇంకా తేలలేదు. మా డ్రైవరు మాత్రం ఆ రోజు ముక్క చూసి “ఊగి ఊగి తెగిందండి” అన్నాడు.