సీలింగ్ చెమ్మ: రంగు వేస్తే ఆగట్లేదు

నాగావళి గట్టు (శ్రీకాకుళం): మాది పన్నెండేళ్ల డాబా ఇల్లు. పడకగది సీలింగ్ ఓ మూల చెమ్మ. రెండుసార్లు రంగు వేయించాను, రెండుసార్లూ పొక్కులు లేచి రాలిపోయింది. తుపాన్ల రోజులు వచ్చేలోపు డాబా అంతా వాటర్‌ప్రూఫింగ్ చేయించెయ్యమంటున్నాడు మేస్త్రీ. చేయించమంటారా?

సోంపేట కొబ్బరి: ముందు డాబా ఎక్కి తూములు చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరాకులు, పీచు మా తూముల్లో కూరుకుపోయి డాబా చెరువైపోయింది. ఆ నీళ్లు మెట్లగది గుమ్మం దాటి ఇంట్లోకి దిగాయి. కరెంటు లేదు, ఆ చీకట్లో కర్రతో తూము పొడుస్తూ కూర్చున్నాం. ఇప్పుడు వినాయక చవితికోసారి, దసరాకోసారి తూములో బకెట్ నీళ్లు పోసి చూస్తాను. గడగడా దిగిపోవాలి. జాలీ పెట్టాంలే అని ధీమాగా ఉండకండి, ఆకులు దాని మీదే పేరుకుంటాయి.

బొబ్బిలి బావ: ఎండాకాలంలో కూడా ఆ చెమ్మ ఉందాండీ? ఉంటే అది వాన నీరు కాదు, ఇంటి నీరే. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టానికి గుర్తు పెట్టుకోండి. తెల్లారేసరికి దిగితే పైపో, ఫ్లష్షో కారుతున్నట్టే. మరక ఉన్నచోటే పైన బీట ఉంటుందనుకోకండి. నీరు ఒకచోట దిగి, ఇంకోచోట తేలుతుంది.

కళింగపట్నం గాలి: పిట్టగోడలు కూడా చూడండి. మా గోడ బీటలో రావిమొక్క మొలిస్తే ఏటా పైపైన విరిచేసేవాణ్ణి. వేరేమో లోపల లావెక్కిపోయింది. చివరికి గోడ పగలగొట్టాల్సి వచ్చింది. రెండాకులప్పుడే వేరుతో పీకెయ్యాలి. మా వైపు ఉప్పుగాలి కూడానూ, బీటలోంచి తడి చేరిందంటే కాంక్రీటులోని ఇనుప ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి.

నాగావళి గట్టు: ఎండాకాలంలోనూ ఉందండీ. గుర్తు పెట్టి చూశాను, మట్టం దిగలేదు. నిన్న మోటారు వేసి ఎప్పట్లాగే మర్చిపోయాను. ట్యాంకు పొంగుతుంటే పైకి పరిగెత్తా. చూస్తే ఆ నీళ్లు తూము వైపు రావట్లేదు, ట్యాంకు దిమ్మ వెనక్కి పోయి నిలుస్తున్నాయి. అక్కడ నీరు తూము వైపు జారే వాటం లేదు, సన్నటి బీట ఉంది! పొంగు పైపుని తూము దాకా పొడిగించి, బీట పూడిపించి, అక్కడ వాటం సరిచేయించాను. మోటారుకి అలారం కూడా పెట్టించా.

బొబ్బిలి బావ: రంగుకి తొందరపడకండి. మరక మీద పాలిథిన్ ముక్క అంచులన్నీ మూసుకునేలా అంటించి రెండ్రోజులు ఉంచండి. లోపలివైపు తడి పడితే ఇంకా ఆరనట్టే.